యెవ్గేనీ బావర్: నాలుగేండ్ల దర్శకుడు

రష్యా దేశపు చలనచిత్రమన్నంతనే మన ఫిలిం సొసైటీలవారికి స్ఫురించునది 1925లో వెలువడిన 'యుద్ధనౌక పొత్యోమ్‌కిన్', ఆ చిత్రమును తీసిన ఐసెన్‌స్టీన్, ఆయనకు సమకాలికులైన పుదొవ్‌కిన్, దొవ్‌జెంకో ప్రభృతులు. అంతకు పూర్వము ఆ దేశమున సినిమాయే లేదేమో, ఉన్నను చెప్పుకొనదగినది కాదేమో అన్న భావము చాలకాలము లోకమంతటను వ్యాపించియుండెను. ఈ భావమును పుట్టించినవారు కొంతవరకు ఆ కళాకారులే. కొత్త రాజ్యము, కొత్త సమాజము, కొత్త కళ అని ఘోషించుచు రంగమునకు వచ్చిన ఆ యువకులు తమకు ముందటి దానినెల్ల ధనికుల విలాసమందిరములలోని నిట్టూర్పుగా త్రోసిపుచ్చి, విప్లవము ఎన్నడు జరిగినదో చలనచిత్రకళయు నాడే పుట్టినదని తాము నమ్మిరి, ఇతరులను నమ్మించిరి. ఇట్లు త్రోసిపుచ్చబడినవారిలో అగ్రగణ్యుడు యెవ్గేనీ ఫ్రాన్‌త్సెవిచ్ బావర్. ఏబది యేండ్లు సమీపించిన వయస్సున దర్శకుడై, సుమారు నాలుగేండ్లలో 80కి పైగా చిత్రములు తీసి, 1917 జూన్ నెలలో, అనగా చక్రవర్తి సింహాసనమును విడిచిన పిదప, బోల్షెవిక్కులు అధికారమును చేజిక్కించుకొనుటకు ముందు, రెండు విప్లవముల నడుమ ఆయన కన్నుమూసెను. ఏ పక్షమున నిలువవలెనో తేల్చుకొను అవసరమే ఆయనకు కలుగలేదు. అందుచేతనే కాబోలు, ఆయన పేరు నిలుపవలసిన అవసరము ఏ పక్షమునకును కలుగలేదు.

బావర్ 1865లో మాస్కో నగరమున జన్మించెను. తండ్రి ఫ్రాంజ్ బావర్ బొహీమియా నుండి, అనగా నేటి చెక్ దేశము నుండి, వలసవచ్చిన సంగీతజ్ఞుడు. 'జితర్' అను తంత్రీవాద్యమున ప్రవీణుడు. అక్కచెల్లెండ్రు నాటకరంగమును ఆశ్రయించిరి. వేషము, వాద్యము, దీపము అను మూడింటి నడుమ పెరిగిన ఆ బాలునికి కళలపై మక్కువ కలుగుటలో వింత లేదు గాని, ఏ కళయందును స్థిరపడకపోవుటయే వింత. లెవితాన్ వంటి ప్రకృతిచిత్రకారులను తయారుచేసిన మాస్కో చిత్రలేఖన శిల్ప వాస్తు విద్యాలయమున ఆయన కొంతకాలము చదివెను. తరువాత హాస్యపత్రికలకు వ్యంగ్యచిత్రములు గీసెను. ఫొటోగ్రాఫరై మనుష్యుల ముఖములపై వెలుగునీడలు పడు తీరును పరిశీలించెను. నాటకములు ఆడించు వ్యవహారమునందును చేయిపెట్టెను. అన్నిటికంటె మిన్నగా, ఆపెరెట్టాలకును ప్రహసనములకును రంగాలంకరణ చేయుటలో మాస్కోలో పేరు గడించెను. ఆ కాలమున మాస్కో ఉద్యానములలో వేసవి నాటకశాలలు వెలసి, సంగీత ప్రహసనములతోడను నృత్యములతోడను నగరవాసులను అలరించుచుండెడివి. స్తంభములు, సోపానములు, లతాగృహములు కల్పించి, సామాన్యమైన వేదికను ఒక రాత్రికి ఇంద్రభవనముగా మార్చుటయే అచ్చటి రంగాలంకరణకారుని వృత్తి. ఆ విధముగా ఇరువదియేండ్లకు పైబడి కాలము గడచెను. జీవితమున మూడు పాళ్లు వ్యర్థమైనవని ఎవరైనను అనియుండవచ్చును. కాని ఆ వ్యర్థమైన విద్యలన్నియు ఒక్కచోట అక్కరకు వచ్చు కళ అప్పటికి ఇంకను పసితనమున ఉండెను.

రష్యాలో చలనచిత్ర ప్రదర్శన 1896లో ఆరంభమాయెను. లూమియేర్ సోదరుల మనుష్యులు వచ్చి రెండవ నికొలాస్ పట్టాభిషేకమును ఫిలింపై ఎక్కించినది ఆ యేడే. అయినను స్వదేశీయ కథాచిత్రమునకు పండ్రెండేండ్లు వేచియుండవలసి వచ్చెను. 1908లో అలెగ్జాండర్ ద్రాన్‌కొవ్ అను పత్రికా ఫొటోగ్రాఫరు, సాహసికుడు, కొంత మాయలమారి, స్తెంకా రాజిన్ అను బందిపోటు వీరుని కథను చిన్న చిత్రముగా విడుదల చేసెను. అతనికి ప్రత్యర్థిగా నిలిచినవాడు అలెగ్జాండర్ ఖన్‌జోన్‌కొవ్. ఇతడు దోన్ ప్రాంతపు కొసాక్కు, సైనికోద్యోగము విడిచి సినిమా వ్యాపారమున దిగినవాడు. 1911లో 'సెవాస్తపోల్ రక్షణ' అను దీర్ఘచిత్రమును నిర్మించి, చక్రవర్తి మెప్పును కూడ పొందినవాడు. వీరిరువురికిని పైన ఫ్రెంచి వారి పాథే కంపెనీ మాస్కోలోనే శాఖ నెలకొల్పి, బజారునంతటిని తన చేతిలో పెట్టుకొనియుండెను.

1913లో రొమానొవ్ వంశపు ఏలుబడికి మూడువందల యేండ్లు నిండిన సందర్భమున ద్రాన్‌కొవ్ ఒక ఉత్సవచిత్రమును తలపెట్టి, దాని సెట్టుల నిర్మాణమునకు బావర్‌ను పిలిపించెను. ఆ చిత్రమున తొలి రొమానొవ్ రాజు వేషము ధరించిన యువకుడు నాటకకర్త చెహొవ్‌కు అన్నకుమారుడగు మిఖయీల్ చెహొవ్. తరువాతి కాలమున నటనాచార్యుడుగా ప్రసిద్ధికెక్కినవాడు ఇతడే. చిత్రము మాట ఎట్లున్నను, బావర్‌కు మాత్రము తన దారి దొరకెను. ఆ వెంటనే ద్రాన్‌కొవ్‌కు దర్శకుడుగా కొన్ని చిత్రములు, పాథే వారికి కొన్ని తీసి, ఆ సంవత్సరము ముగియులోపలనే ఖన్‌జోన్‌కొవ్ సంస్థలో చేరెను. మిగిలిన జీవితమంతయు అచ్చటనే.

బావర్ ఏమి చేసెనో తెలియవలెనన్న, ఆయనకు ముందు చిత్రములు ఎట్లుండెడివో కొంత చెప్పవలసియున్నది. కెమెరాను ప్రేక్షకుని కుర్చీ స్థానమున నిలిపి కదల్పక, వెనుక గుడ్డపై గోడను, గోడపై గడియారమును కూడ రంగుతోనే వ్రాసి, దాని ముందు నటులను బొమ్మలకొలువులోని బొమ్మలవలె ఒకే వరుసను నిలిపి, చేతులు విసరించి, కనులు త్రిప్పించి కథ నడపుట నాటి మర్యాద. నాటకమునకు వాక్కు ప్రాణము. మూకచిత్రమున ఆ వాక్కు లేదు. వాక్కు పోయిన నాటకమున మిగిలినది అభినయపు అతిశయమే. బావర్ రంగస్థలమునుండి వచ్చినవాడే అయినను, లేక వచ్చినవాడగుటచేతనే, ఈ రెండు కళలకు గల భేదమును అందరికంటె ముందుగా గుర్తించెను. వేదికపై వైశాల్యము అడ్డముగా పరచుకొనియుండును. కెమెరా కంటికి అది ఎదుట సన్నగా మొదలై లోనికి పోయినకొలది విస్తరించును. కనుక కెమెరాకు తగిన గది వెడల్పు గలది కాదు, లోతు గలది.

ఈ ఒక్క సూక్ష్మము గ్రహించిన పిదప ఆయన సెట్టు స్వరూపమే మారిపోయెను. కెమెరాకు అతి సమీపమున ఒక స్తంభమో, పూలకుండియో, మఖమలు కుర్చీయో ఉండును. దానిని దాటిన పిదప ఒక గది. ఆ గది చివర తెరలు తొలగించిన ద్వారము. ద్వారమునకు ఆవల మరియొక గది, అందు వెలుగు. ఆ వెలుగులో పైకిపోవు మెట్లు. పాత్రలు ప్రక్కనుండి ప్రవేశింపక దూరమునుండి మనవైపు నడచివత్తురు. వచ్చునంతసేపు వారి మనఃస్థితి మనకు విదితమగుచుండును. స్తంభములపై ఆయనకు గల వ్యామోహము ఒక్కొక్కప్పుడు శ్రుతిమించెడిది. మధ్యతరగతి గృహస్థుని ఇంటను సైతము రాజప్రాసాదమునకు చాలినన్ని స్తంభములు కనబడును. కాని ఆ స్తంభములు అలంకారమునకు మాత్రమే నిలిపినవి కావు. మనుష్యుడు వానిని దాటి నడచునప్పుడు గది యొక్క లోతు మన కంటికి కొలతకు వచ్చును.

వెలుగు విషయమునను అంతే. నాటి స్టూడియోలు అద్దపు కప్పు గల పెద్ద శాలలు. పగటి వెలుగు పైనుండి సమముగా పడి, ముఖములను చదునుచేసి చూపించెడిది. ఆర్క్ దీపములు ఉండెడివి గాని, చీకటి చోటును వెలిగించుట తప్ప వానికి వేరు ప్రయోజనము కలదని తలచినవారు తక్కువ. బావర్‌యు, ఆయనకు కుడిభుజమైన ఛాయాగ్రాహకుడు బొరీస్ జవెల్యోవ్‌యు, వెలుగును ప్రక్కనుండి, వెనుకనుండి, కిటికీ గుండ, సన్నని తెర గుండ ప్రసరింపజేసిరి. ఆనాటి ఫిలింకు ఎరుపు రంగు కనబడదు. ఎర్రని వస్తువు నల్లగా పడును. కావున పెదవుల రంగు మొదలు తివాచీ రంగు వరకు అన్నిటిని ఫిలిం కంటితో ముందుగా ఊహించుకొనవలెను. చిత్రలేఖనము చదివి, ఫొటోలు తీసి, రంగాలంకరణ చేసినవానికి ఇది స్వాభావికముగా అబ్బిన విద్య. పూర్తియైన ప్రతిని దృశ్యమును బట్టి రంగుటద్దకముతో, రాత్రులకు నీలము, దీపపు వెలుగునకు పసుపు, అద్దుట నాడు వాడుక. నేడు నలుపు తెలుపులలో చూచువారికి ఆ శోభలో సగము తెలియదు.

దీనికెల్ల తొలి నిదర్శనము 1913లోనే వచ్చిన 'స్త్రీ హృదయ సంధ్య'. నాయిక వేరా సంపన్నుల ఇంటి బిడ్డ. ఇంట విందు జరుగుచుండగా ఆమె తన పడకగదిలో ఏకాంతముగ ఉండును. ఆ గదికిని మనకును నడుమ పలుచని జాలరు తెర వ్రేలాడుచుండును. ఆమె ఆ తెరకు ఆవల, మసక వెలుగులో, తన జీవితమునకే తాను దూరమైనట్లు మెలగును. మాటలు వ్రాసి చూపు అక్షరఫలకము ఒక్కటైనను అక్కరలేకయే ఆమె ఒంటరితనము మనకు తెలిసిపోవును. తరువాతి కథ కఠినమైనది. పేదలకు సాయము చేయబోయిన ఆమెను ఒక కూలివాడు వంచించి చెరచును, ఆమె వానిని హతమార్చును, పిదప తన్ను ప్రేమించిన రాకుమారుని వివాహమాడి, సత్యమును దాచలేక చెప్పివేయును, అతడు అసహ్యించుకొనును. ఆ కాలపు కథలలో ఇట్టి నాయికకు ఆత్మహత్యయో, క్షయరోగమో తప్పదు. వేరా అట్లుగాక ఇల్లు వెడలి, రంగస్థలమున కీర్తి గడించి, సంవత్సరముల పిదప పశ్చాత్తాపముతో వచ్చిన భర్తను తిరస్కరించును. కాల్చుకొని చచ్చునది అతడే.

ఈ త్రోసిపుచ్చుట, ఈ తలుపు మూసివేయుట, బావర్ చిత్రములలో మరల మరల కనబడును. 1914లో తీసిన 'మహానగరపు బిడ్డ' యందు మాన్య అను అనాథ కుట్టుపని చేయుచు కిటికీ గుండ వీథిలోని వైభవమును చూచి కలలు కనును. నాగరకస్త్రీల కృత్రిమత్వముతో విసిగిన విక్తర్ అను ధనికుడు నిర్మలహృదయము గల పేదపిల్లను వెదకి వెదకి ఈమెను చేపట్టును. అతడు వెదకినది అమాయకత్వము, ఆమె వెదకినది పట్టుచీర వంటి జీవితము. ఇరువురును ఒకరినొకరు పొరబడిరి. ధనమంతయు హరించిపోయిన పిదప, ఏదైన చిన్న ఇంట ప్రశాంతముగా బ్రతుకుదమని అతడు వేడుకొనగా, ఆమె నవ్వి వెడలిపోవును. కడపట అతడు ఆమె ఇంటి వాకిట మెట్లపై కాల్చుకొని పడియుండగా, స్నేహితులతో విందుకు బయలుదేరిన ఆమె, ఒక్క క్షణమాగి, ఆ శవమును దాటుకొని 'మాక్సిం' అను భోజనశాలకు పోవును. బావర్ నీతివాదియై ఈ స్త్రీని నిందించుటకు ఈ చిత్రము తీసెనని కొందరందురు. నాకట్లు తోపదు. ఆమెను అట్లు తయారుచేసిన పెద్దమనిషి అభిరుచిని, అతని కారుణ్యములోని అహంకారమును దర్శకుడు అంతకుమించిన శ్రద్ధతో చూపినాడు.

అదే యేట వచ్చిన 'మౌన సాక్షులు' మరియొక విధమున విశేషమైనది. మౌన సాక్షులనగా సేవకులు. ఒక పెద్ద ఇంటి మెట్లు పై అంతస్తునకును, క్రింది పనివారి గదులకును నడుమ సాగుచుండును. యజమానులు ప్రేమింతురు, వంచింతురు, ఏడ్తురు, పనివారు తట్టలు మోయుచు అన్నియు చూతురు, ఏమియు అనరు. కథ యావత్తు ఆ మెట్లమీదనే నిలిచియున్నది. వర్గభేదమును గురించిన ఉపన్యాసము అందు ఒక్కటియు లేదు; పదేండ్ల పిదప ఉపన్యాసములతో వచ్చిన పెక్కు చిత్రములకంటె ఇది ఆ భేదమును సూటిగా చెప్పినది.

1914 ఆగస్టులో యుద్ధము ఆరంభమై, సరిహద్దులు మూతపడి, విదేశచిత్రముల రాక క్షీణించెను. ప్రదర్శనశాలలు నిండియే ఉండెను, చూపవలసిన చిత్రములు కావలసియుండెను; కావున రష్యను స్టూడియోలకు అకస్మాత్తుగా గిరాకి పెరిగెను. బావర్ పనివేగమునకు ఇదియే కారణము. ఒక్కొక్క సంవత్సరమున ఇరువదికి మించి చిత్రములు తీసిన దర్శకునిచేత నేడు ఎవ్వరును పని చేయింపరు. ఇంకొక చిక్కు కూడ యుద్ధము తెచ్చినది. జర్మను ధ్వని గల పేరు దేశద్రోహమునకు గుర్తుగా చూడబడుచున్న ఆ దినములలో ఆయన భార్య వంశనామమైన అన్‌చారొవ్ అను పేరును కొంతకాలము ధరించెను. ఆ భార్య లీనా బావర్ నటి, నర్తకి. 'వేయిన్ని రెండవ తంత్రము' వంటి ఆయన హాస్యచిత్రములలో చతురయైన ఇల్లాలుగా నటించినది. అవి ఉల్లాసకరములే, వానిని గూర్చి అంతకుమించి చెప్పవలసినది లేదు.

రష్యను ప్రేక్షకుల అభిరుచి యూరపు వ్యాపారులకు ఒక సమస్యయై ఉండెను. వారికి విషాదాంతము కావలెను. డెన్మార్కు చిత్రనిర్మాతలు ఇతర దేశములకు శుభాంతమును, రష్యాకు దుఃఖాంతమును వేరువేరుగా తీసి పంపుచుండిరి. నటనయందును వారికి తొందర గిట్టదు. ఒక మనిషి ఒక లేఖను చదివి, మడచి, కిటికీ వద్దకు పోయి నిలిచి, వెనుదిరుగుటకు పట్టు కాలమంతయు వారు ఓపికతో చూచెదరు. అమెరికా చిత్రములలోని పరుగులు వారికి తేలికతనముగా కనబడినవి. ఈ నిదానము బావర్‌కు మిక్కిలి అనుకూలించెను, ఏలయన లోతుగల గదిలో నిదానముగా నడచు మనిషికే అర్థము కలదు. నేటి ప్రేక్షకునికి ఆయన చిత్రము మొదటి పది నిమిషములు బరువుగా తోచుట నిజము. తరువాత ఆ నడకయే మనలను తన వశము చేసికొనును.

ఈ కాలముననే ఆయన మనస్సు ఒక్క విషయమువైపు గాఢముగా మొగ్గెను. మృతులు బ్రతికియున్నవారిని విడువరు. లేక, బ్రతికియున్నవారే మృతులను విడువరు. దీనిపై ఆయన తీసిన చిత్రములు ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినవి. ప్రతీకవాద కవి వలేరి బ్ర్యూసొవ్ కథ వ్రాయగా 1914లో తీసిన 'మృత్యువులో జీవితము' నందు ఒక వైద్యుడు భార్య సౌందర్యము చెడకుండుటకై ఆమెను చంపి, దేహమును భద్రపరచును; నాయకుడు ఇవాన్ మొజ్జూఖిన్, నాటి రష్యను నటులలో అగ్రగణ్యుడు. ఆ చిత్రము నేడు లభ్యము కాదు. 1915లో తీసిన 'పగటికలలు' లభ్యము. బెల్జియను రచయిత రోడెన్‌బాక్ నవల దానికి మూలము. భార్య మరణింపగా ఆమె జడను కోసి గాజుపెట్టెలో దాచుకొన్న నెదేలిన్ అను భర్త, వీథిలో ఆమెను పోలిన మరియొక స్త్రీని చూచి, వెంబడించి, ఆమె నాటకశాల నటియని తెలిసికొని, ఆమెయందు చచ్చినదానిని బ్రతికింపజూచును. ఆమె మొరటు మనిషి. అతని పూజను పరిహసించి, ఆ జడను మెడకు చుట్టుకొని ఆడగా, అతడు దానితోనే ఉరి బిగించును. హిచ్‌కాక్ 1958లో తీసిన 'వర్టిగో' చూచినవారు ఈ కథను విని ఉలికిపడుట సహజము. మూలములు వేరైనను, పోయిన స్త్రీని ఉన్న స్త్రీపై అతికించు ఆ ఉన్మాదము ఒక్కటే.

అదే సంవత్సరమున వచ్చిన 'మరణానంతరము' నా దృష్టిలో ఆయన కృతులలో ఉత్తమమైనది. రష్యను రచయిత తుర్గేనెవ్ చివరి దినములలో వ్రాసిన 'క్లారా మీలిచ్' అను కథ దీనికి ఆధారము. ఆ కథకు ఆధారము ఒక నిజమైన విషాదము. యెవ్లాలియా కద్మినా అను గాయని, నటి, 1881లో హార్కొవ్ నగరమున ప్రదర్శన నడుమనే విషము త్రాగి మరణించెను. తుర్గేనెవ్ ఆమె పేరు మార్చెను. బావర్ తన నాయికకు కద్మినా అను ఆ అసలు ఇంటిపేరునే తిరిగి ఇచ్చెను. అంద్రేయ్ అను పండితుడు పినతల్లి సంరక్షణలో పుస్తకముల నడుమ, లోకమునకు దూరముగా బ్రతుకుచుండును. మిత్రుని బలవంతముపై ఒక విందుకు పోగా, అక్కడ నటి జోయా అతనిని చూచును. ఆ విందు దృశ్యమున కెమెరా నిలిచియుండదు. అంద్రేయ్ ఒక గుంపునుండి మరియొక గుంపునకు సంకోచముతో జరుగుచుండగా, తానును అతనితోపాటు జరుగుచు పోవును. దృశ్యమును ఎచ్చటను కోయక నిమిషముల తరబడి సాగిన ఆ కదలిక 1915లో జరిగినదన్న మాట గుర్తుంచుకొనదగినది. ఇంకొకచోట, సభలో పద్యము చదువుచున్న జోయా మనవైపునకు అడుగులిడగా ఆమె ముఖము తెరయంతయు నిండిపోవును. ఆ కనులు చూచునది అంద్రేయ్‌ను, కాని తప్పించుకొనలేనిది మనము.

అతడు ఆమె ప్రేమను అర్థము చేసికొనక నిరాకరించును, ఆమె విషము త్రాగును, అప్పటినుండి ఆమె అతని ఇంటికి వచ్చుట ఆరంభించును. కలలో గాలికి ఊగు పంటచేనిలో, కన్ను చెదరు వెలుగులో, తెల్లని వస్త్రములతో ఆమె నడచివచ్చును. మెలకువ వచ్చిన వెనుక గది చీకటి. వెలుగు బ్రతుకునకు, చీకటి చావునకు గుర్తుగా చూపుట అందరును ఎరిగినదే. బావర్ దానిని తలక్రిందులు చేసి, మృతురాలికి పగటిని, బ్రతికియున్నవానికి రాత్రిని ఇచ్చెను. జోయాగా నటించిన వేరా కరల్లి బల్షోయ్ నాటకశాల నర్తకి. అంద్రేయ్‌గా నటించినవాడు వితోల్ద్ పొలోన్‌స్కీ.

కరల్లి నర్తకియగుటచేత ఆమెకై కల్పింపబడినట్లున్నది 1917 ఆరంభమున వెలువడిన 'మరణించు హంస'. నాయిక గిజెల్లా మూగది. మూకచిత్రమున మూగ పాత్రను పెట్టుటలోని చమత్కారము బావర్‌కు తెలియకపోలేదు. అందరును నోరు కదల్పుచుండగా ఆమె యొక్కతెయే దేహముతో మాటలాడును. ప్రేమలో వంచితయై ఆమె నర్తకిగా మారి, నృత్యకల్పకుడు ఫోకిన్ ప్రసిద్ధ నర్తకి అనా పావ్లొవాకై కల్పించిన హంస నృత్యమును ఆడి విఖ్యాతయగును. మృత్యువును చిత్రింపవలెనని పిచ్చిపట్టిన గ్లీన్‌స్కీ అను చిత్రకారుడు, పుర్రెలు, అస్థిపంజరములు నిండిన తన శాలలో కూర్చుండి, తాను వెదకునది ఈమె ముఖమున గుర్తించును. ఆమె ఆ చిత్రమునకై కూర్చుండుచుండగా పూర్వపు ప్రియుడు తిరిగివచ్చి క్షమింపుమనును. ఆమె సంతోషముతో వెలిగిపోవుచు చిత్రకారుని వద్దకు వచ్చును. చిత్రము పాడగునన్న కోపముతో అతడు ఆమె గొంతు నులిమి, అనుకొన్న భంగిమలో నిలిపి, వ్రాయుట కొనసాగించును. కథ అతిశయోక్తియే. కాని కళాకారుడు అందమును అదుపులో పెట్టుకొనుటకై అందమునే చంపునన్న ఈ కఠోరవాక్యమును, తన జీవితమంతయు అందమైన దృశ్యములు అమర్చుటలోనే గడపినవాడు చెప్పుట ఆలోచింపజేయును.

వేరా ఖొలోద్నయాను గురించి చెప్పక బావర్ కథ పూర్తికాదు. పొల్తావాలో పుట్టి మాస్కోలో పెరిగిన ఈ యువతికి చెప్పుకొనదగిన నటనానుభవము లేదు. 1915లో ఆమెను చూచిన బావర్, తుర్గేనెవ్ కథపై తీయుచున్న 'విజయ ప్రేమగీతము' చిత్రమున నాయికా పాత్ర నిచ్చెను. ఆమెకు నటించుట రాకపోవుట ఒక లోపముగా ఆయన చూడలేదు. పెద్దపెద్ద విషాదనయనములు గల ఆ ముఖముపై వెలుగు ఎట్లు నిలుచునో చూచుకొనెను. ఏడాది తిరుగకముందే ఆమె దేశమంతటి ఆరాధ్యదేవత ఆయెను. 1916లో విడుదలైన 'ప్రాణమునకు ప్రాణము' ఖన్‌జోన్‌కొవ్ సంస్థ ప్రతిష్ఠకై తీసిన భారీచిత్రము. ఫ్రెంచి రచయిత జార్జ్ ఓనే నవల దానికి మూలము. ధనవంతురాలైన ఒక తల్లి, ఆమె కన్నబిడ్డ, పెంపుడు బిడ్డ, ఆ ఇరువురినడుమ ఒక దగుల్బాజీ రాకుమారుడు. పెంపుడు బిడ్డగా ఖొలోద్నయా నటించినది. జంట పెండ్లిండ్ల విందు దృశ్యమున బావర్ స్తంభములు, మెట్లు, పూలు, జనసమూహము ఒకే చట్రమున అమర్చిన తీరు ఆయన పూర్వవృత్తి యొక్క పరాకాష్ఠ. ఆ చిత్రము తరువాత ఖొలోద్నయాను ప్రత్యర్థి సంస్థవారు ఎక్కువ పారితోషికముతో కొనిపోయిరి. ఖన్‌జోన్‌కొవ్‌కు ఇది కొత్త విషయము కాదు, మొజ్జూఖిన్ అంతకుముందే వెడలిపోయియుండెను.

ఖొలోద్నయా విడిచిపోయిన యేడే సంస్థలోనికి పదునేడేండ్ల కుర్రవాడొకడు సెట్టుల రూపకల్పనకు వచ్చి చేరెను. బావర్ చదివిన చిత్రలేఖన విద్యాలయమే వానిదియు. పేరు లెవ్ కులేషొవ్. ఒక నటుని ముఖమును వేరువేరు దృశ్యముల ప్రక్క అతికించి, అతికింపువలననే భావము పుట్టునని చూపి, ఐసెన్‌స్టీన్ తరమునకు గురువైనవాడు ఇతడే. బావర్ 1917లో తీసిన 'నబాత్' మొదలగు చిత్రములకు కులేషొవ్ సెట్టులు కట్టెను, 'సుఖము కొరకు' అను చిత్రమున నటించెను కూడ. గురువు ఒక్క దృశ్యము లోపలి వైభవమును నమ్మినవాడు, శిష్యుడు దృశ్యమునకును దృశ్యమునకును నడుమ పుట్టు అర్థమును నమ్మినవాడు. సిద్ధాంతమున వీరు పరస్పర విరోధులు. అయినను, చట్రములో ఏది ఎచ్చట ఉండవలెనో, ఏది ఉండరాదో విచారింపక ఒక్క అడుగు ఫిలిం తీయరాదను పట్టుదల కులేషొవ్ నేర్చినది ఈ పాఠశాలలోనే.

1917 ఫిబ్రవరి విప్లవముతో సెన్సారు తొలగిపోయెను. ఆ వసంతముననే బావర్ 'విప్లవకారుడు' అను చిత్రమును తీసెను. సైబీరియాలో ప్రవాసశిక్ష అనుభవించి స్వేచ్ఛను పొంది తిరిగివచ్చిన వృద్ధుడు, యుద్ధము కొనసాగించుటయే దేశమునకు మేలని కుమారునితో వాదించును. ఇది నాటి తాత్కాలిక ప్రభుత్వపు మాట. నాటికి నాడు రాజకీయములను అనుసరించి తీసిన ఈ చిత్రమున బావర్ చేయి కనబడుట అరుదు.

ఆ వేసవిలో సంస్థ పనిని క్రిమియాకు తరలించెను. యాల్తాలో సముద్రతీరము, ఎండ, కొండలు. స్టూడియో దీపములకు మారుగా సూర్యుడు. 'సుఖము కొరకు' చిత్రమున తెల్లని ఎండలో మెరయు ఆ తీరము చూచిన, స్తంభముల దర్శకుడు కొత్త దారి పట్టుచున్నాడేమో అనిపించును. కథ మాత్రము ఆయనదే: తల్లి ప్రేమించినవానిని కూతురు ప్రేమించుట, తల్లి త్యాగము నిష్ఫలమగుట, కూతురికి చూపు పోవుట. ఆ తీరముననే పడి ఆయన కాలు విరుగగొట్టుకొనెను. మంచము పట్టినవానికి న్యుమోనియా సోకెను. 1917 జూన్ 22న, పాత రష్యను పంచాంగము ప్రకారము జూన్ 9న, యాల్తాలో ఆయన మరణించెను. సగములో నిలిచిన 'పారిస్ రాజు' అను చిత్రమును 'ప్రాణమునకు ప్రాణము'లో తల్లిగా నటించిన ఓల్గా రఖ్‌మానొవా పూర్తిచేసెను.

ఆయన కూర్చిన బృందము కొలది యేండ్లలో చెల్లాచెదరాయెను. ఖొలోద్నయా 1919 ఫిబ్రవరిలో ఒడెస్సాలో విషజ్వరముతో మరణించెను; పొలోన్‌స్కీ ఆ యేడే పోయెను; కరల్లి దేశము విడిచెను; మొజ్జూఖిన్ పారిస్ చేరెను. 1919 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వము చలనచిత్ర పరిశ్రమను జాతీయము చేసెను. ఛాయాగ్రాహకుడు జవెల్యోవ్ మాత్రము స్వదేశముననే నిలిచి, 1928లో దొవ్‌జెంకో 'జ్వెనిగొరా' చిత్రమునకు కెమెరా పట్టెను. విప్లవానంతర చిత్రము శూన్యమునుండి పుట్టినదనువారికి ఈ ఒక్క పేరు చాలిన సమాధానము.

బావర్ తీసిన వానిలో నేటికి మిగిలినవి ముప్పదికి లోపు. అవి మాస్కో సమీపమున బేలియె స్తొల్బీ లోని ప్రభుత్వ చలనచిత్ర భాండాగారమున దశాబ్దముల తరబడి పెట్టెలలోనే ఉండి, 1989లో ఇటలీ దేశపు పోర్దెనోనె నగరమున జరుగు మూకచిత్రోత్సవమున ప్రదర్శింపబడినప్పుడు, చరిత్రకారులు తాము వ్రాసిన పుటలను సవరించుకొనవలసి వచ్చెను. ఆ ప్రతులలో పెక్కింటికి మధ్యమధ్య చూపవలసిన అక్షరఫలకములు లేవు. అవి వేరుగా ఉండి పోయినవి. మూలకథలు, నాటి పత్రికలలోని కథాసంగ్రహములు చూచి పండితులు వానిని కొంతవరకు తిరిగి కూర్చిరి. ఇప్పుడు ఈ చిత్రములలో ప్రధానమైనవి ఇంటనే చూచు వీలున్నది. కొత్తగా చూడదలచినవారు మొదట 'మరణానంతరము' చూడవలెను, దాని నిడివి ముప్పాతిక గంటయే. తరువాత 'మహానగరపు బిడ్డ'. 'మరణించు హంస' పేరు పెద్దదని దానితో మొదలుపెట్టువారు కలరు గాని, ఆ పుర్రెలకును ఆ ఉన్మాదమునకును కొంత అలవాటుపడిన పిమ్మట చూచుట మేలు.